చేతిపని: నీళ్లు పోస్తే తీరే దాహం కాదు



కిందటి నెల ఈ శీర్షికలో కుట్టుమిషను సంగతి వ్రాసినందుకు సోదరీమణుల నుంచి మెప్పు వచ్చింది గాని, మగవారి నుంచి ఒక ఫిర్యాదు కూడా వచ్చింది. "ఎప్పుడూ ఇంటి లోపలి సామాన్లేనా? ఇంటి ముందు నిలబడే బండి సంగతి ఎప్పుడు వ్రాస్తారు?" అని ఒక పెద్దమనిషి నన్ను బజారులో నిలవేసి అడిగారు. ఈ నెల వారి కోరిక తీరుస్తున్నాను. పాత పికప్పు బండిలో ఇంజనును చల్లబరచే భాగాలను ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి అన్నది ఈసారి విషయం. అట్లని సోదరీమణులు పేజీ తిప్పివేయవద్దని మనవి. ఈ కథలో చిక్కు విడిపోయినది మా వంటింట్లోనే. పైగా ఇందులో నేను చేసిన తప్పు ఒకటి వున్నది. దానిని దాచిపెట్టి నీతులు మాత్రం వ్రాస్తే మీరు క్షమించినా నా మనస్సు క్షమించదు.

మన సునాబెడ వారికి సాలూరు ఘాటీని పరిచయం చేయనక్కరలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా ఈ జయపురం జమీ అంతా మద్రాసు రాజధానిలో, విశాఖపట్టణం జిల్లా కిందనే వుండేది. ఆ తరువాత గీత మారింది గాని దారి మారలేదు. పెళ్లిబట్టలకూ, పురోహితునికీ, మంచి మామిడిపండ్లకూ మనం దిగేది ఆ దారినే. లోగడ దానిని 43వ నంబరు జాతీయ రహదారి అనేవారు, ఇప్పుడు 26వ నంబరు అంటున్నారు. నంబరు ఏదైతేనేం, సాలూరు దాటి సుంకి మీదుగా పొట్టంగి వైపు ఎక్కే ఆ మలుపులు మాత్రం అవే. బరువుతో వున్న బండికి అవి ప్రతి ప్రయాణంలోనూ పరీక్ష పెట్టే పంతుళ్లు.

మా మేనల్లుడు సిమిలిగుడలో వుంటాడు. పదహారేళ్ల నాటి డీజిలు పికప్పు ఒకటి అతని ఆస్తి. ఏ కంపెనీది అని అడగవద్దు. పదహారేళ్లు ఘాటీ ఎక్కి దిగిన ఏ బండి కథ అయినా ఇంతే. కుందులి సంతలో అల్లం, కాబేజీ, చిక్కుడు, టమాటా కొని విజయనగరంలో దించుతాడు. తిరుగు ప్రయాణంలో బియ్యం, ఉల్లిపాయలు, కొబ్బరికాయలు ఎక్కించుకొని వస్తాడు. ఇద్దరు పిల్లల చదువు, తల్లి మందులు, ఇంటి అద్దె అన్నీ ఆ నాలుగు చక్రాల మీదనే నడుస్తున్నవి.

మాఘమాసంలో ఒక సాయంత్రం బండి తెచ్చి మా గుమ్మం ముందు ఆపాడు. ముఖం వాడిపోయి వుంది.

"మావయ్యా, ఘాటీలో బండి మరిగిపోయిందండీ. సుంకి దగ్గర ఆపి, వాగు నీళ్లు రెండు డబ్బాలు పోసి ఎలాగో తెచ్చాను" అన్నాడు.

బానెట్టు ఎత్తి చూశాను. ఇంజను నుంచి రేడియేటరుకు వెళ్లే పై రబ్బరు గొట్టం క్లిప్పు దగ్గర ఉబ్బి, నెర్రెలు విచ్చి వుంది. వేలితో నొక్కితే నీరు చిమ్మింది. "ఇదిగో దొంగ" అన్నాను. కొత్త గొట్టం, రెండు క్లిప్పులు తెప్పించి నా చేతులతోనే బిగించి, ఇక భయం లేదు పొమ్మన్నాను. "మిగతావి కూడా ఒకసారి విప్పి చూద్దామంటారా మావయ్యా?" అని అతను అడిగాడు కూడాను. "బాగున్నవాటిని కెలకడం ఎందుకురా, డబ్బు దండుగ" అని నేనే అన్నాను. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

సరిగ్గా పద్దెనిమిదో రోజున బండి మళ్లీ మరిగింది, ఈసారి పొట్టంగి సమీపంలో. బండిలో క్లీనరుగా వున్న కుర్రవాడు అక్కడి పల్లెవాడే. ఇరవై ఏళ్లుంటాయి. సరుకు ఆలస్యమవుతున్నదని తొందరపడి, తడిగోనె చేతికి చుట్టుకొని రేడియేటరు మూత తిప్పాడు. మూత ఎగిరింది. ఆవిరీ, మరుగునీరూ కలిసి అతని ముంజేతి మీదా, మెడ మీదా పడ్డవి. కళ్లు తప్పినవి. అంతవరకు దైవం మేలు చేసింది.

ఆ సమయంలో మా మేనల్లుడు ఒక మంచి పని చేశాడు. బండిలో వున్న తాగే నీళ్ల డబ్బాలు రెండూ కాలినచోట సన్నని ధారగా పోస్తూ కూర్చున్నాడు. దారిన పోయేవారు ఒకరు పసుపు పూయమన్నారట, ఒకరు పళ్ల పేస్టు పూయమన్నారట. అతను ఏదీ పూయలేదు. కాలినచోట చల్లని నీటి ధార ఇరవై నిమిషాలు, ఆ పైన శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకుపోవడం, ఇంతే చేయవలసినది. ఐసుగడ్డ కూడా పెట్టరాదు. ఇది వంటింటికీ వర్తిస్తుంది గనుక ఇక్కడే వ్రాస్తున్నాను.

కుర్రవాడు మూడు వారాలు ఇంటిపట్టున వుండవలసి వచ్చింది. నేను చూడబోయాను. అతని తల్లి నాకు పీట వేసి కూర్చోమన్నది. ఆ తరువాత ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఏమైనా అని వుంటే నాకు కొంత తేలికగా వుండేది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతే చెప్పుకుంటున్నాము. "గొట్టం కొత్తదే వేశాను, మళ్లీ ఎందుకు మరగాలి?" అని నేను నాలో నేను అనుకొంటూ వుంటే, మా ఇంటావిడ పప్పు వడ్డిస్తూ ఆగి, "కుక్కరు గాస్కెట్టు సాగిపోయిందంటే, వట్టి గాస్కెట్టే కాదు, సేఫ్టీ వాల్వు కూడా మార్చాలి, రెండూ ఒకనాడు కొన్నవే కదా అని ప్రతి ఏడూ నాతో వాదించేది మీరే కదా? మరి ఆ బండికి మూత పాతదే, లోపలి సామాను పాతదే, ఒక్క గొట్టం కొత్తదా?" అన్నది.

నాకు చెంప మీద కొట్టినట్లయింది. ఎందుకంటే ఆవిడ చెప్పిన ధర్మం నాకు తెలియనిది కాదు. 1964లో మన సునాబెడలో విమానాల ఇంజన్ల కర్మాగారం వచ్చిన సంగతి మీకు తెలిసినదే. మనలో సగం కుటుంబాలు దాని చలవ వలన ఈ కొండమీద స్థిరపడినవే. నేను అందులో ముప్ఫైనాలుగు సంవత్సరాలు పనిచేశాను. మిగ్-21 బిస్ విమానాలకు ఆర్-25 ఇంజన్లూ, మిగ్-27లకు ఆర్-29 ఇంజన్లూ ఇక్కడ తయారైనవే. మిగ్-27లు 2019 డిసెంబరులో సెలవు పుచ్చుకొన్నవి. మిగ్-21లకు 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పినప్పుడు మన కాలనీలో ఎన్ని ఇళ్లలో ముసలివాళ్లు టెలివిజను ముందు కళ్లు తుడుచుకొన్నారో నాకు తెలుసు.

విమానపు ఇంజనులో ముఖ్యమైన భాగాలకు ఆయుర్దాయం గంటలలో వ్రాసి వుంటుంది. ఆ గంటలు నిండితే, భాగం చూపులకు కొత్త పెళ్లికొడుకులా మెరుస్తున్నా సరే, విప్పి పక్కన పెట్టవలసిందే. ఆకాశంలో ఇంజను ఆపి బానెట్టు ఎత్తి చూడడానికి వీలులేదు గదా! చెడిపోయిన తరువాత మార్చడం ఒక పద్ధతి, వయస్సు చూసి మార్చడం ఇంకొక పద్ధతి. రెండో పద్ధతితో అన్నం తిన్నవాణ్ణి, సొంత గుమ్మం ముందుకు వచ్చేసరికి మొదటి పద్ధతికి దిగిపోయాను. ఆ కుర్రవాడి చెయ్యి కాలడంలో నా "డబ్బు దండుగ" మాటకు వాటా వున్నది.

ఇక విషయంలోకి వస్తాను. డీజిలు మండితే పుట్టే వేడిలో సుమారు మూడో వంతు మాత్రమే చక్రాలను తిప్పడానికి పనికివస్తుంది. ఇంచుమించు ఇంకొక మూడో వంతు పొగగొట్టం దారిన పోతుంది. మిగిలినదానిలో పెద్ద భాగాన్ని నీరు మోసుకుపోవాలి. పంపు ఆ నీటిని ఇంజను చుట్టూ తిప్పుతుంది. వేడెక్కిన నీరు పై గొట్టం గుండా రేడియేటరులోకి వచ్చి, సన్నని గొట్టాలలో దిగుతూ గాలికి చల్లబడి, కింది గొట్టం గుండా మళ్లీ పంపుకు చేరుతుంది. తేనెపట్టులాగా గదులు గదులుగా వుండే రేడియేటరును 1900 ప్రాంతంలో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాఖ్ రూపొందించాడు.  కొంచెం నీటితో ఎక్కువ వేడిని గాలికి అప్పగించే ఉపాయం దొరికిన తరువాతనే బలమైన కార్లు రోడ్డెక్కినవి.

మరి మైదానంలో బుద్ధిగా నడిచే బండి ఘాటీలోనే ఎందుకు మరగాలి? కారణాలు రెండు. రెండో గేరులో ఇంజను గొంతు చించుకొంటూ వుంటుంది గాని బండి మెల్లగా పోతుంది గనుక ఎదురుగాలి వుండదు. పని ఎక్కువ, గాలి తక్కువ. ఇది మొదటిది. రెండోది మన ఎత్తు. సముద్రపు ఒడ్డున నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. సుమారు 900 మీటర్ల ఎత్తున వున్న మన సునాబెడలో 97 డిగ్రీలకే మరుగుతుంది. మూతలేని గిన్నెలో కందిపప్పు ఇక్కడ ఆలస్యంగా వుడకడానికి కారణం ఇదే. మంచి స్థితిలో వున్న ఇంజనులో నీరు 85 నుంచి 95 డిగ్రీల మధ్య వుంటుంది. అంటే మరిగే గీతకు రెండడుగుల దూరంలో కూర్చొని వుంటుందన్నమాట.

అక్కడే మూత ఆదుకొంటుంది. రేడియేటరు మూత అంటే వట్టి మూత కాదు, అది కుక్కరు వెయిటు వంటిది. లోపల స్ప్రింగు, రబ్బరు వుంటవి. చాలా బండ్లకు అది చదరపు సెంటీమీటరుకు 0.9 కిలోల ఒత్తిడిని పట్టి వుంచుతుంది. ఆ ఒత్తిడిలో నీరు మన ఎత్తున కూడా సుమారు 117 డిగ్రీల దాకా మరగదు. అంటే ఒక చిన్న స్ప్రింగు మనకు ఇరవై డిగ్రీలు అప్పు ఇస్తున్నది. స్ప్రింగు సడలిందా, అప్పు ఆ క్షణమే వసూలవుతుంది. మూత సడలక ఇంకా బిగుతుగా వున్నా ప్రమాదమే. వేడిగా వున్నప్పుడు చేతితో తిప్పితే లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పోయి, అప్పటిదాకా మరగకుండా ఓర్చుకున్న నీరు ఒకేసారి మరిగి, ఆవిరితో కలిసి పైకి చిమ్ముతుంది. ఆ కుర్రవాడికి జరిగినది ఇదే. కుక్కరు దించి వెంటనే మూత లాగే ఇల్లాలు వుంటుందా? మరి బండి దగ్గర మనకు ఆ జ్ఞానం ఎందుకు వుండదు?

మరునాడే బండిని సాలూరు దించాము. ఖాళీ బండి, మెల్లగా, ముల్లు మీద కన్ను వేసి. సాలూరు 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో వున్నది గాని, లారీల ఊరు అన్న పేరు దానికి పాతదే. అక్కడ నాకు తెలిసిన మేస్త్రి ఒకరున్నారు. 1954లో టాటావారు జర్మనీ బెంజివారితో కలిసి లారీలు చేయడం మొదలుపెట్టినారు కదా, ఆ బెంజి బండ్ల మీద పని నేర్చినవారు ఆయన తండ్రి. "మా అయ్య కాలంలో గాటీ ఎక్కే లారీకి రెండు పీపాల నీళ్లు కట్టేవోరు బాబూ. దారి పొడుగునా పోసుకుంటా ఎల్లేవోరు. మీ వోడు ఇంకా ఆ కాలంలోనే ఉన్నాడు" అని నవ్వారాయన.

ఆయన మొదట చేసిన పని చూసి నాకు గౌరవం కలిగింది. ఏ భాగాన్నీ విప్పకముందే హెడ్డు గాస్కెట్టు బాగున్నదా లేదా అని చూశారు. చల్లని ఇంజనుకు మూత తీసి స్టార్టు చేసి, నీటిలో బుడగలు అదేపనిగా వస్తున్నవేమో కనిపెట్టారు. నూనె పుల్ల తీసి, నూనె పాల రంగుకు తిరిగిందేమో చూశారు. పొగ తెల్లగా వస్తున్నదేమో చూశారు. గాస్కెట్టు పోయి వుంటే తతిమ్మా ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే. అదృష్టవశాత్తు అది పోలేదు. మళ్లీ ఒకటి రెండుసార్లు మరిగి వుంటే హెడ్డు వంగి వుండేదని ఆయన అన్నారు. సలసల కాగే ఇంజనులో వాగు నీళ్లు పోశాడని విని, "ఎర్రగా కాలిన పెనం మీద నీళ్లు పోస్తే ఏటవుద్ది బాబూ?" అని అడిగారు. మా మేనల్లుడు తల వంచుకొన్నాడు.

తరువాత ఒక్కొక్కటే విప్పుతూ వచ్చారు. నేను పక్కన కూర్చొని వ్రాసుకొన్నాను.

పంపు: పంపు అడుగున చిన్న రంధ్రం ఒకటి వుంటుంది. లోపలి సీలు కారుతుంటే ఆ నీరు బేరింగులోకి పోకుండా బయటికి రావడానికి పెట్టినది. అక్కడ తెల్లటి చారలు కట్టి వున్నవి. అంటే పంపు చాలాకాలంగా ఏడుస్తూనే వున్నది, వినేవారు లేరు. ఫ్యానును పట్టుకొని ముందుకూ వెనక్కూ కదిపితే ఇరుసు కదిలింది. కొందరు ఆ రంధ్రాన్ని మైనంతో మూస్తారు. అది పాపపు పని.

బెల్టు: లోపలి అంచు అద్దంలా నునుపెక్కి వుంది. నునుపెక్కిన బెల్టు జారుతుంది. బెల్టు జారితే పంపూ, ఫ్యానూ రెండూ నీరసిస్తవి. ఫ్యాను చుట్టూ వుండే ప్లాస్టిక్కు తొడుగులో కింది సగం అసలు లేనే లేదు. ఎప్పుడో పని సులువు కోసం ఎవరో తీసివేశారు. ఆ తొడుగు లేకపోతే ఫ్యాను రేడియేటరు గుండా గాలి లాగకుండా పక్కనుంచి లాగుతుంది. విసనకర్ర ముఖానికి ఎదురుగా కాక వీపు వెనుక విసిరినట్లు.

వాల్వు: థర్మోస్టాటు అనే చిన్న వాల్వు ఇంజనుకూ, పై గొట్టానికీ మధ్య వుండాలి. విప్పి చూస్తే గూడు వున్నది, పక్షి లేదు! "ఎవడో తీసి పారేసినాడు బాబూ. మనోళ్లకి ఇదొక జబ్బు. ఎండల దేశం, వాల్వెందుకు, అది లేకపోతేనే చల్లగుంటాదనుకుంటారు" అన్నారు మేస్త్రి. ఈ అపోహ మన ప్రాంతంలో గట్టిగా వున్నది గనుక కొంచెం వివరిస్తాను. ఇంజను చల్లగా వున్నప్పుడు ఆ వాల్వు మూసుకొని, నీటిని రేడియేటరుకు పోనీయకుండా ఇంజనులోనే తిప్పుతుంది. సాధారణంగా 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెడుతుంది. అది లేకపోతే, మన కొరాపుట్టు పుష్యమాసపు మంచులో ఇంజను ఎంత దూరం నడిచినా సరిగా వేడెక్కదు. డీజిలు ఎక్కువ తాగుతుంది, నూనె జిడ్డు కట్టుతుంది, సిలిండర్లు అరుగుతవి. ఇక వింత ఏమంటే, చాలా ఇంజన్లలో ఆ వాల్వు తెరుచుకొన్నప్పుడు దాని రెండో అంచు పక్కదారిని మూసివేస్తుంది. వాల్వే లేకపోతే పక్కదారి ఎప్పుడూ తెరిచే వుంటుంది. వేడినీటిలో కొంత రేడియేటరు ముఖం చూడకుండానే మళ్లీ ఇంజనులోకి పోతుంది. చల్లదనం కోసం తీసినది ఘాటీలో మంట పెడుతుంది. కొత్త వాల్వును బిగించేముందు మేస్త్రి దానిని దారానికి కట్టి, గిన్నెలో నీళ్లు కాచి ముంచి చూపించారు. నిద్ర లేచే పిల్లవాడి కన్నులా మెల్లగా తెరుచుకొంది. బయట పెడితే మూసుకొంది. ఈ పరీక్ష ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు.

రేడియేటరు: ఇంజను వేడెక్కించి, ఆపి, చేత్తో తడిమి చూస్తే మధ్యలో ఒక జానెడు మేర చల్లగా వుంది. అంటే అక్కడి గొట్టాలలో నీరు పారడం లేదు. బోరు నీళ్లు, వాగు నీళ్లు పోసిన పాపానికి లోపల సున్నం కట్టింది. మన నీళ్ల కాగు అడుగున కట్టే తెల్లని పెచ్చు వంటిదే. పాతకాలపు రాగి, ఇత్తడి రేడియేటరు అయితే పై టాంకు టంకం విప్పి, సన్నని చువ్వలతో పొడిచి, మళ్లీ టంకం వేసేవారు. ఇది అల్యూమినియంది, పై టాంకు ప్లాస్టిక్కుది, దానికి వెంట్రుకవాసి పగులు కూడా పడింది. కొత్తది వేయక తప్పలేదు.

చివరకు మూత: రబ్బరు అట్టలా గట్టిపడి, స్ప్రింగు బొటనవేలితో నొక్కితే లొంగిపోయింది. అన్నింటికన్నా చౌకైన భాగం అది. పదహారేళ్లలో ఒక్కసారి కూడా మార్చినట్లు లేదు. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద వున్న అంకెనే చూసి కొనాలి. ఎక్కువ ఒత్తిడిది వేస్తే ఇంకా మంచిదనుకొని వేస్తే పాత గొట్టాలు పగులుతవి.

కింది గొట్టం, చిన్న గొట్టాలు, క్లిప్పులు కూడా మార్చాము. నేను మాఘంలో వేసిన పై గొట్టం ఒక్కటి కొత్తది గనుక వుంచాము. దానిని చూసినప్పుడల్లా నాకు సిగ్గు వేసింది. అది తప్పు భాగం కాదు, ఒంటరి భాగం. బలహీనమైన గొలుసులో ఒక్క లంకె మార్చితే, లాగినప్పుడు తెగేది దాని పక్క లంకె. ఆ పద్దెనిమిది రోజులలో జరిగినది అదే.

అన్నీ బిగించిన తరువాత లోపల రెండుసార్లు మంచినీటితో కడిగి, కూలెంటు పోశాము. కూలెంటును డిస్టిల్డ్ వాటరుతో సగం సగం కలపాలి. ముందే కలిపి అమ్మేది అయితే నీరు కలపనక్కరలేదు. రెండు రకాలను కలిపి పోయరాదు. మన దేశంలో నీరు గడ్డకట్టదు గదా, ఇది ఎందుకని అడిగేవారున్నారు. అది తుప్పునూ, సున్నాన్నీ దగ్గరకు రానీయదు, మరిగే డిగ్రీని ఇంకొంచెం పైకి నెట్టుతుంది. అయితే ఒక హెచ్చరిక. అది తియ్యగా వుంటుంది గాని విషం. పిల్లలూ, కుక్కలూ, దూడలూ తాగే ప్రమాదం వుంది. మిగిలినది తాగే నీళ్ల సీసాలో పోసి అటక మీద పెట్టకండి, పారబోసినది కాలువలోకి పోనీయకండి.

పోసేటప్పుడు బండి ముక్కు కొంచెం ఎత్తున వుండేటట్లు నిలపాలి. మెల్లగా పోసి, మూత తీసే వుంచి చల్లని ఇంజనును స్టార్టు చేసి, పై గొట్టాన్ని అప్పుడప్పుడు పిసకాలి. లోపల చిక్కిన గాలి బుడబుడమని బయటికి వస్తుంది. వాల్వు తెరుచుకొని పై గొట్టం వేడెక్కినాక, తగ్గినంత పోసి మూత బిగించాలి. మరునాటి ఉదయం ఇంజను చల్లగా వుండగా మళ్లీ చూసి తగ్గినది పూరించాలి. గాలి బుడగ ఒక్కటి లోపల మిగిలినా కొత్త సామాను అంతా వృథా.

పని రెండు రోజులు పట్టింది. ఖర్చు మా మేనల్లుడి నెల సంపాదనలో సగం దాటింది. అతను అమ్మివేద్దామని కూడా ఆలోచించాడు. కాని మరిగే బండికి ఇనుము ధర తప్ప రాదు. మాఘమాసంలోనే అన్నీ మార్చి వుంటే ఆసుపత్రి ఖర్చూ, చెడిన టమాటాల నష్టమూ తప్పేవి. అన్నిటికీ మించి, ఆ చెయ్యి కాలేది కాదు. ఇది లెక్కల పుస్తకంలో ఎక్కడ వ్రాయాలో నాకు తెలియదు.

ఆ కుర్రవాడు పనిలోకి తిరిగి వచ్చిన మొదటి ప్రయాణంలో నేనూ బండిలో కూర్చున్నాను. సాలూరు నుంచి నిండు బరువు. బియ్యం బస్తాలూ, ఉల్లిపాయలూ. సుంకి మలుపుల్లో ముగ్గురమూ రోడ్డు చూడడం మాని ముల్లునే చూస్తున్నాము. అది మధ్య గీత దాటలేదు. పొట్టంగి చేరేసరికి కుర్రవాడు మొదటిసారి నవ్వి, దేశియాలో ఏదో అన్నాడు. "ఇవాళ బండి జ్వరం లేకుండా ఎక్కిందంటున్నాడు" అని మా మేనల్లుడు అర్థం చెప్పాడు. వాళ్ల పల్లె దగ్గర ఆపాము. తల్లి మాకు మండియా జావ ఇచ్చింది. రాగిజావనే అక్కడివాళ్లు అలా అంటారు. ఈసారి కొడుకు గురించి నాలుగు మాటలు మాట్లాడింది కూడా.

ఇప్పుడు ఆ బండికి ఒక నియమం పెట్టాము. రోజూ ఉదయం చల్లగా వుండగా నీటి మట్టం చూడడం, వారానికొకసారి బెల్టూ, గొట్టాలూ తడిమి చూడడం, మూత ఏడాదికొకసారి, కూలెంటు దాని డబ్బా మీద వ్రాసిన గడువుకు మార్చడం. మార్చిన తేదీలన్నీ బండి లోపల అతికించిన కాగితం మీద వ్రాయిస్తున్నాము. ముల్లు పైకి పోతే నీడన ఆపి, ఇంజను పూర్తిగా చల్లారేదాకా, గంట అయినా సరే, మూత జోలికి పోరాదు. బండి అన్నిసార్లు నీళ్లు అడుగుతున్నదంటే దానికి దాహం వేసి కాదు, రోగం వచ్చి.

మీ ఇంటి బండి పదేళ్లు దాటినదైతే, వచ్చే ఘాటీ ప్రయాణానికి ముందు ఒక ఆదివారం బానెట్టు ఎత్తండి. ఒక భాగం ముసలిదని తేలితే, ఒకనాడు పుట్టిన దాని తోబుట్టువుల వయస్సు కూడా లెక్కపెట్టండి. "బాగున్నవాటిని కెలకడం ఎందుకు" అని ఎవరైనా పెద్దవాడు సలహా చెబితే, ఈ పేజీ చూపించండి.

వచ్చే నెల, వానలు దిగకముందు రేకుల ఇంటి కప్పు సంగతి. మీ అనుభవాలు ఒక కార్డు ముక్క మీద వ్రాసి సంఘం చిరునామాకు పంపితే వాటినీ కలుపుకొంటాను. సెలవు.